అయోవా చిన్న ఊళ్లు: అంత పెద్ద భవనాలు, అంత తక్కువ మనుషులు ఎందుకు?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: "మా వారికి అమెరికాలోని అయోవా రాష్ట్రం మధ్య భాగంలో ఒక చిన్న పట్టణంలోని కౌంటీ (అంటే జిల్లా) ఆస్పత్రిలో డాక్టరుగా ఆఫర్ వచ్చింది. వీసా వెయివర్ కింద, అంటే డాక్టర్లు తక్కువున్న చోట పనిచేస్తే స్వదేశం తిరిగి వెళ్లాలన్న షరతు మాఫీ చేసే పద్ధతిలో, మూడేళ్ల ఒప్పందం. ఊరి జనాభా మూడు వేలు. వెళ్లి చూసొచ్చాం. నడి ఊళ్లో రెండంతస్తుల ఇటుక భవనాలు, గోపురంతో పెద్ద కోర్టు, కానీ సగం షాపులకి తాళాలు. ఇంత ఊరు కట్టుకుని ఎందుకు వదిలేసి పోయారు? ఊరు చచ్చిపోతోందా? ఆరో తరగతి చదివే పాపతో అక్కడ బతకగలమా?"

బతకగలరు, నిక్షేపంగా. కాకపోతే ఆ ఊరు అలా ఎందుకుందో తెలుసుకుని వెళ్తే సగం టెన్షన్ ముందే తగ్గుతుంది. నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, పై చదువుకి అయోవా స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఏమ్స్ ఊరికి వచ్చి, ఆ తర్వాత ఉద్యోగమంతా అయోవాలోనే మొక్కజొన్న విత్తనాల పనిలో చేశాను. కాపురం పెట్టిందీ పిల్లల్ని పెంచిందీ ఇలాంటి ఊళ్లోనే. మీరు ఊరి పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. మీరు వర్ణించిన ఊళ్లు ఇక్కడ డజన్ల కొద్దీ ఉన్నాయి.

పంటలు పండక ఊరు పాడుబడిందేమో అనుకుంటున్నట్టున్నారు. జరిగింది తలకిందులు. పంట బ్రహ్మాండంగా పండబట్టే ఊరు ఖాళీ అయింది. మన వైపు నుంచి వచ్చినవాళ్లకి ఇది చప్పున మింగుడుపడదు, ఎందుకంటే మన దగ్గర పంట పోతే జనం వలస పోతారు. ఇక్కడ దిగుబడి పెరిగిన కొద్దీ, యంత్రం పెద్దదైన కొద్దీ, ఒక్కో కుటుంబం దున్నే భూమి పెరిగింది, కుటుంబాల సంఖ్య తగ్గింది. షాపులు, బడులు, చర్చిలు అన్నీ ఆ పాత కుటుంబాల లెక్కన కట్టినవి.

ముందు భూమి సంగతి. మీరు విమానంలో దిగేటప్పుడు గమనించే ఉంటారు, కింద నేలంతా గళ్ల లుంగీ పరిచినట్టు ఉంటుంది. అది 1785 నాటి చట్టం గీసిన గీత. దేశమింకా సరిగ్గా కుదురుకోకముందే, చూడని నేలని కాగితం మీద చదరాలుగా కోసేశారు. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్నది ఒక టౌన్‌షిప్. దాంట్లో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. దాన్ని నాలుగు చేస్తే 160 ఎకరాలు, ఒక కుటుంబం చేసుకోగల భూమి అని వాళ్ల లెక్క. పదహారో సెక్షన్ బడి ఖర్చులకి. ఇప్పటికీ ప్రతి మైలుకీ ఒక కంకర రోడ్డు నిలువుగానో అడ్డంగానో వస్తుంది. దారి తప్పడం కష్టం, తప్పితే మాత్రం ఎటు చూసినా ఒకేలా ఉంటుంది.

ఆ నేల ఖాళీగా ఏమీ లేదు. సాక్, మెస్క్వాకీ, అయోవే, డకోటా లాంటి తెగలవాళ్లు ఉండేవాళ్లు. 1832లో సాక్ నాయకుడు బ్లాక్ హాక్‌తో జరిగిన యుద్ధం తర్వాత మిసిసిపీ నది పడమటి గట్టు నుంచి మొదలుపెట్టి, ఒప్పందం తర్వాత ఒప్పందంగా వాళ్లని ఖాళీ చేయించారు. 1846కల్లా అయోవా రాష్ట్రమైంది. మెస్క్వాకీలు మాత్రం కాన్సాస్‌కి తరిమినా తిరిగొచ్చారు. 1857లో టామా కౌంటీలో సొంత డబ్బు పెట్టి భూమి కొనుక్కున్నారు, ఒకప్పుడు తాము తిరిగిన నేలనే. ఆ సెటిల్‌మెంట్ ఇప్పటికీ వాళ్లదే, ఏటా ఆగస్టులో అక్కడ పౌవౌ అనే వాళ్ల ఆటపాటల పండుగ జరుగుతుంది. మీ పాపని తప్పకుండా తీసుకెళ్లండి. అయోవా చరిత్రని బండ్లు కట్టుకొచ్చిన రైతులతో మొదలుపెట్టే పుస్తకాలే బళ్లో ఎక్కువ దొరుకుతాయి.

మీరు వెళ్లే మధ్య అయోవా ఇంకో రకంగా కూడా మనిషి చేసిన నేల. ఒకప్పటి హిమానీనదం వదిలి వెళ్లిన బల్లపరుపు భూమి అది. ఎక్కడ చూసినా నీటి గుంటలు, నడుమెత్తు గడ్డి, దోమలు, మలేరియా. వచ్చినవాళ్లు మొదట మిట్టల మీద మాత్రమే దున్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచి మూడు నాలుగు అడుగుల లోతున మట్టి గొట్టాలు పూడ్చి నీళ్లని కాలవల్లోకి లాగేశారు. ఇక్కడ దాన్ని టైలింగ్ అంటారు. మనకి నీళ్లు పొలంలోకి తేవడం పెద్ద కథ, వీళ్లకి పొలంలోంచి పంపేయడం పెద్ద కథ. కృష్ణా డెల్టాలో మురుగు కాలవల గొడవ చూసినవాణ్ణి కాబట్టి నాకిది వెంటనే అర్థమైంది. ఆ గొట్టాల ఖర్చు పంచుకోవడానికి పెట్టుకున్న డ్రైనేజీ డిస్ట్రిక్టులు ఇప్పటికీ పన్ను వసూలు చేస్తున్నాయి. నల్లటి ఆ మట్టి ప్రపంచంలోని అతి సారవంతమైన నేలల్లో ఒకటి. దాన్ని తయారుచేసిన గడ్డి మైదానంలో మాత్రం వెయ్యి ఎకరాలకి ఒక ఎకరం కూడా మిగల్లేదు.

ఇక మీరు చూసిన ఇటుక భవనాలు. 1867కి రైలు రాష్ట్రాన్ని అడ్డంగా దాటి కౌన్సిల్ బ్లఫ్స్ చేరింది. రైలు కంపెనీలే ఊళ్లు గీశాయి. ఆరు నుంచి పది మైళ్లకి ఒక స్టేషను, స్టేషను పక్కన ధాన్యం గోదాము, దాని ముందు ఒక వీధి. ఎందుకా దూరం అంటే, రైతు గుర్రపు బండిలో ధాన్యం వేసుకుని పొద్దున బయల్దేరి, అమ్ముకుని, సరుకులు కొనుక్కుని చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. పక్క రాష్ట్రం నెబ్రాస్కాలో ఒక రైలు కంపెనీ ఊళ్లకి పేర్లు వెతికే ఓపిక లేక ఏబీసీడీల వరసలో పెట్టుకుంటూ పోయింది: క్రీట్, డార్చెస్టర్, ఎక్సెటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్. అంటే ఆ ఊళ్లు మన ఊళ్లలా చెరువు చుట్టూనో గుడి చుట్టూనో పెరిగినవి కావు, గుర్రం నడకని బట్టి పుట్టినవి. కారు వచ్చిన రోజునే వాటిలో సగం అనవసరమయ్యాయి. కానీ ఊరంటే గోదాము ఒక్కటే కాదు కదా, అందుకే ఇన్నేళ్లు లాక్కొచ్చాయి.

ఇటుక ఎందుకంటే, చెక్క షాపుల వీధులు ఒకటి రెండుసార్లు తగలబడ్డాక ఇటుకతో కట్టుకున్నారు. పై అంతస్తులో వైద్యుడో, ప్లీడరో, ఆపెరా హౌస్ పేరుతో ఒక నాటకాల హాలో ఉండేది. ఆపెరా పెద్దగా ఆడలేదు లెండి, పేరు గొప్ప. ప్రతి ఊరూ తనే రేపటి షికాగో అనుకుంది. కోర్టు భవనం కౌంటీ ముఖ్య పట్టణానికే వస్తుంది కాబట్టి, దాని కోసం పక్క ఊళ్లతో పోట్లాడి గెలుచుకున్నవాళ్లు డాబుగా కట్టుకున్నారు. అయోవాలో 99 కౌంటీలున్నాయి. మీ ఊళ్లో ఆస్పత్రి మిగలడానికి కూడా అదే కారణం అయ్యుంటుంది.

చర్చిలు ఎక్కువ కనిపించాయి కదా? జర్మన్లు, నార్వేవాళ్లు, స్వీడన్‌వాళ్లు, ఐరిష్‌వాళ్లు, చెక్‌లు, డచ్చివాళ్లు వచ్చారు. వాళ్లలో లూథరన్లు (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) ఒకే మతం అయినా భాషకో చర్చి కట్టుకున్నారు. 1918 మే నెలలో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, గవర్నర్ విలియం హార్డింగ్ ఒక ప్రకటన చేశాడు: బళ్లో, రైల్లో, చర్చిలో, బహిరంగ స్థలంలో, చివరికి టెలిఫోన్‌లో కూడా ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని. ఫోన్లో జర్మన్ మాట్లాడినందుకు రైతుల ఇల్లాళ్లు జరిమానా కట్టుకున్నారు. రెండు తరాల్లో జర్మన్ ఇళ్లలోంచి పోయింది. మా పక్కింటి పెద్దాయన తాతగారి బైబిల్ చూపించి, "ఇది నేను చదవలేను" అన్నాడు. మా అమ్మాయితో నేను తెలుగులోనే మాట్లాడుతుంటే ఆయన ఎప్పుడూ మెచ్చుకునేవాడు. దుకాణంలో మీ భాష విని ఎవరైనా అదోలా చూస్తే, అలా చూసేవాళ్ల ముత్తవ్వ కూడా అదే అనుభవించి ఉంటుందని గుర్తుంచుకోండి.

పంట ఊరిని ఖాళీ చేయడం ఎలా మొదలైందో ఇప్పుడు చెప్తాను, నాకు బాగా తెలిసిన భాగం ఇదే.

1920ల దాకా రైతు తన పొలంలో మంచి పొత్తులు ఏరి, ఆరబెట్టి, వాటినే మళ్లీ విత్తుకునేవాడు. అడేర్ కౌంటీలో పుట్టిన హెన్రీ వాలెస్ 1926లో హైబ్రిడ్ విత్తనాలు అమ్మే కంపెనీ పెట్టాడు, అదే తర్వాత పయనీర్ అయింది. ఆయన అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దగ్గర వ్యవసాయ మంత్రిగా, తర్వాత ఉపాధ్యక్షుడిగా చేశాడు. 1930లో కూన్ రాపిడ్స్ అనే ఊరి రాస్వెల్ గార్స్ట్ ఆ విత్తనాలు పండించి అమ్మే హక్కు తెచ్చుకున్నాడు. కూన్ రాపిడ్స్ జనాభా ఇప్పుడు దాదాపు 1,300. అప్పట్లో గార్స్ట్ కారులో విత్తనాల సంచులు వేసుకుని ఇంటింటికీ తిరిగేవాడు. రైతులు నమ్మకపోతే సగం పొలంలో నీది, సగం పొలంలో నాది వేయి, పెరిగిన పంటలో వాటా ఇవ్వు అనే బేరం కూడా పెట్టేవాడు. 1940ల మొదటికి అయోవాలో దాదాపు అంతా హైబ్రిడ్డే.

మధ్యలో మాంద్యం వచ్చింది. 1932లో బుషెల్ మొక్కజొన్న, అంటే 25 కిలోల పైచిలుకు, పది సెంట్లకి కూడా పోలేదు. బొగ్గు కొనడం కంటే చవకని పొయ్యిల్లో మొక్కజొన్నలే కాల్చారు. అప్పు కింద వేలం వేస్తే ఇరుగుపొరుగు గుంపుగా వచ్చి గుర్రానికి ఒక సెంటు, నాగలికి ఒక సెంటు పాడి, కొన్నవన్నీ మళ్లీ ఆ రైతుకే ఇచ్చేసేవాళ్లు. ఎక్కువ పాడదామని వచ్చిన కొత్తవాడికి చెట్టుకు వేలాడే తాడు కనిపించేది. 1933 ఏప్రిల్లో ల మార్స్ ఊళ్లో జప్తు ఉత్తర్వుల మీద సంతకం పెట్టనని మాట ఇవ్వని జడ్జి బ్రాడ్లీని కోర్టులోంచి లాక్కెళ్లి మెడకి ఉరి తగిలించారు. చంపలేదు. గవర్నరు ఆ కౌంటీలో సైన్యాన్ని దించాడు. మీకు ఇప్పుడు తల పంకించి మెల్లగా మాట్లాడేవాళ్లలా కనిపించే జనం తాతలు వాళ్లే. ఈ నెమ్మదితనం చూసి మెతకవాళ్లనుకోకండి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గుర్రాలు పోయి ట్రాక్టర్లు, ఎరువులు, కలుపు మందులు వచ్చాయి. 1959 సెప్టెంబరు 23న సోవియట్ నాయకుడు కృశ్చేవ్ గార్స్ట్ పొలం చూడ్డానికి కూన్ రాపిడ్స్ వచ్చాడు. అంతకు నాలుగేళ్ల ముందే గార్స్ట్ సోవియట్ దేశం వెళ్లి విత్తనాలు అమ్మొచ్చాడు. ఆకలి ఉన్నంత కాలం శాంతి ఉండదని ఆయన వాదన, అమ్మకం కూడా కలిసొచ్చిందనుకోండి. ప్రపంచ పత్రికలవాళ్లు వందల మంది మీద పడి తోసుకుంటుంటే గార్స్ట్‌కి ఒళ్లు మండి, పశువుల పాతర గడ్డి చేత్తో తీసి వాళ్ల మీద విసిరాడు. ఆ ఇల్లు, చుట్టూ ఉన్న వేల ఎకరాలు ఇప్పుడు వైట్‌రాక్ కన్సర్వెన్సీ పేరుతో నడక దారులు, గుడారాల చోటుగా తెరిచి ఉన్నాయి. కంపెనీ మాత్రం చేతులు మారుతూ 2004లో సిన్‌జెంటా అనే విదేశీ కంపెనీకి చేరింది. ప్రపంచానికి విత్తనం అమ్మిన ఊరికి ఆ కంపెనీ సొంతం కాకుండా పోయింది.

లెక్క చూడండి. 1935లో అయోవాలో 2 లక్షల 20 వేలకి పైగా రైతు కమతాలుండేవి. 2022 లెక్కల్లో 87 వేల లోపు. భూమి అంతే ఉంది, దున్నుతూనే ఉన్నారు. ఎకరానికి 40 బుషెళ్లు వస్తే గొప్పనుకున్న చోట 2024లో రాష్ట్ర సగటు 211 బుషెళ్లు, మన లెక్కలో ఎకరానికి 53 క్వింటాళ్లు. అదీ చాలావరకు వర్షం మీదే. పొగుడుకోవడానికి ఇది చాలా బాగుంటుంది. షాపు నడిపేవాడికి మాత్రం పంట కాదు, కొనుక్కోవడానికి వచ్చే మనుషులు కావాలి.

ఎనభైల దెబ్బ విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ ఊళ్లో అరవై దాటిన ప్రతివాడికీ అది గుర్తుంది, ఎవరూ తమంతట తాము ఎత్తరు. 1970లలో సోవియట్లకి ధాన్యం అమ్మకాలతో ధరలు పెరిగాయి. గట్టు నుంచి గట్టు దాకా విత్తండి అన్నది ప్రభుత్వం, బ్యాంకులు పిలిచి అప్పులిచ్చాయి, రైతులు భూములు కొన్నారు. తర్వాత వడ్డీ రేట్లు ఆకాశానికి వెళ్లాయి, 1980 జనవరిలో సోవియట్లకి ధాన్యం అమ్మకం ఆపేశారు. 1981లో సగటున ఎకరం 2,147 డాలర్లున్న భూమి 1986కి 787కి పడిపోయింది. భూమే తాకట్టు, భూమికే విలువ లేదు. కోర్టు ముందు పచ్చికలో పోయిన కమతాల గుర్తుగా తెల్ల శిలువలు పాతేవాళ్లు. 1985 డిసెంబరులో లోన్ ట్రీ ప్రాంతపు రైతొకడు భార్యని, బ్యాంకు అధ్యక్షుణ్ణి, పొరుగు రైతునీ కాల్చి తనూ కాల్చుకున్నాడు. మన దగ్గర పత్తి రైతుల చావులు చూసినవాళ్లకి ఈ కథలో కొత్తగా చెప్పేదేం లేదు. అప్పుడే తల్లిదండ్రులు పిల్లలకి ఒకే మాట చెప్పారు, చదువుకుని వెళ్లిపో అని. వాళ్లు వెళ్లిపోయారు. మీరు చూసిన తాళాలు ఎక్కువగా ఆ పదేళ్లలో పడ్డవే.

మిగిలిన భూమి మళ్లీ ఖరీదైంది, 2024లో సగటు ఎకరం 11,467 డాలర్లు. సగానికి పైగా కౌలులోనే నడుస్తోంది. యజమానుల్లో చాలామంది ముసలివాళ్లు, లేదా వాళ్ల పిల్లలు రాష్ట్ర రాజధాని డి మోయిన్‌లోనో దూరాన ఆరిజోనాలోనో ఉంటారు. కౌలు డబ్బు ఊరి బయటికి పోతుంది. ఈ ముక్క మన కోనసీమ వాళ్లకి చెప్తే వివరించక్కర్లేదు.

విత్తనాల పనిలో ఒక్కటి మాత్రం ఇంకా మనుషులతోనే నడుస్తుంది, మీ పాప కూడా చేస్తుంది చూడండి. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఆడ వరసల మొక్కలకి జల్లు (కొసన వచ్చే మగ పూత) తీసేయాలి, అప్పుడే మగ వరసల పుప్పొడి పడుతుంది. మన దగ్గర విత్తన ప్లాట్లలో కూలీలు చేసే పనే. ఇక్కడ జులైలో హైస్కూలు పిల్లలు తెల్లవారుజామున బస్సెక్కి, మంచులో తడిసి, ఆకు కోతలు పడి చేస్తారు. మొదటి జీతం అదే. యంత్రాలు చాలావరకు తీస్తాయి, వదిలేసినవి పిల్లలు తీస్తారు. జల్లులో పుప్పొడి రాని రకాలు కనిపెట్టి ఒకసారి ఈ శ్రమే మానేశారు. ఆ రకాలన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి కావడంతో 1970లో ఆకు మాడు తెగులు వచ్చి దేశం పంటలో దాదాపు 15 శాతం పోయింది. మళ్లీ పిల్లల్ని పొలాల్లోకి పిలిచారు.

అన్ని ఊళ్లూ ఖాళీ కాలేదు. స్టార్మ్ లేక్, డెనిసన్, పోస్ట్‌విల్ లాంటి చోట్ల మాంసం ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ బళ్లో స్పానిష్, లావోస్ భాషలు, సోమాలీ వినిపిస్తాయి, జనాభా నిలబడింది. పోస్ట్‌విల్‌లో 2008 మే 12న ఒక్క రోజులో 389 మందిని అరెస్టు చేస్తే ఆ ఊరు తేరుకోవడానికి ఏళ్లు పట్టింది. పెరీలో 2024లో పంది మాంసం ఫ్యాక్టరీ మూతపడి 1,300 ఉద్యోగాలు పోయాయి. ఒక్క ఫ్యాక్టరీ మీద బతికే ఊరు, పంట మీద బతికే ఊరు, రెంటికీ రెండు రకాల భయాలు. స్టార్మ్ లేక్‌లో వచ్చే చిన్న పత్రికకి 2017లో పులిట్జర్ అనే పేరున్న పత్రికా బహుమతి వచ్చింది. దాని సంపాదకీయాలు చదవండి, ఈ రాష్ట్రం గురించి నాకంటే బాగా చెప్తాయి.

ఇక మీ సంసారం సంగతి.

బడి గురించి బెంగ అక్కర్లేదు. రెండు మూడు ఊళ్లు కలిపి ఒక బడి ఉంటుంది, పేరులో హైఫన్ ఉంటే అది ఒకప్పటి పెద్ద పోట్లాట గుర్తు. ఏ ఊరి భవనం ఉంచాలి, ఏ ఊరి రంగులు, ఏ ఊరి బొమ్మ అని అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లున్నాయి. దాని మీద మీ అభిప్రాయం ఎవరడిగినా చెప్పకండి. చిన్న బడిలో ఉన్న సుఖం ఏమిటంటే జట్టుకి మనుషులు చాలరు కాబట్టి ప్రతి పిల్లా ఆడాల్సిందే, బ్యాండులో వాయించాల్సిందే. అబ్బాయిల ఫుట్‌బాల్ కూడా చాలా చోట్ల ఎనిమిది మందితోనే ఆడతారు. అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఇక్కడ 1993 దాకా జట్టుకి ఆరుగురితో, ముగ్గురు ఒక సగంలో, ముగ్గురు ఇంకో సగంలో ఆడేవాళ్లు. నాయనమ్మలని కదిపితే ఆ రోజుల స్కోర్లు చెప్తారు. తక్కువైనదేమిటంటే అడ్వాన్స్‌డ్ సబ్జెక్టులు. దానికి కమ్యూనిటీ కాలేజీ క్లాసులు హైస్కూల్లోనే తీసుకునే వీలుంటుంది, ముందే అడిగి పెట్టుకోండి. పాపని ఫోర్-హెచ్ అనే పిల్లల క్లబ్బులో చేర్పించండి. పద్నాలుగున్నరకే బడికి కారు నడుపుకుని వెళ్లే లైసెన్సు ఇస్తారు, ఆ రోజు కోసం ఇప్పట్నించే గుండె దిటవు చేసుకోండి.

ఊరు నడిచేది జీతం లేని మనుషులతో. మంటలార్పే దళం, చాలా చోట్ల అంబులెన్సు, లైబ్రరీ బోర్డు, జులై నాలుగు ఊరేగింపు, అన్నీ అదే ఇరవై ముప్పై మంది. పాన్‌కేక్ అల్పాహారం పెట్టి విరాళాలు పోగేసి ఫైరింజను కొంటారు. అందుకే కొత్తగా ఎవరొచ్చినా నెలలోపే ఏదో ఒక పని అంటగడతారు. మీకు వీసా వల్ల జీతం ఉద్యోగం కుదరకపోవచ్చు. లైబ్రరీలో పిల్లలకి కథలు చదివే పనికి రమ్మంటే మాత్రం వెళ్లండి. ఇంట్లో కూర్చుంటే ఆ చలికాలం నమిలేస్తుంది. మా ఆవిడకి స్నేహాలు కలిసింది కూడా లైబ్రరీ పుస్తకాల అమ్మకంలో బల్లలు సర్దుతూనే.

"ఎన్నాళ్లుంటారు?" అని నవ్వుతూ అడుగుతారు, మళ్లీ మళ్లీ అడుగుతారు. ఆ ప్రశ్న వెనక ఒక చరిత్ర ఉంది. వెయివర్ మీద వచ్చిన డాక్టర్లని ఈ ఊళ్లు చాలామందిని చూశాయి, మనవాళ్లు వాళ్లలో బాగానే ఉన్నారు. మూడేళ్లు నిండగానే సామాను సర్దుకుంటారని వాళ్లకి తెలుసు. పాతిక పడకలు మించని ఆస్పత్రిలో ఒక డాక్టరు వెళ్లడమంటే కాన్పు కోసం యాభై మైళ్లు పోవడం. కాబట్టి శాశ్వతంగా ఉంటామని తీయగా అబద్ధం చెప్పకండి. మూడేళ్లు ఖాయం, ఆ తర్వాత చూస్తాం అని చెప్పండి. ఆ మాట వాళ్లు గౌరవిస్తారు.

చిన్న మర్యాదలు కొన్ని. ఎన్ని ఎకరాలున్నాయని అడక్కండి, అది బ్యాంకులో ఎంతుందని అడగడమే. చిరిగిన టోపీ పెట్టుకుని కేసీస్ పెట్రోలు బంకులో పిజ్జా తింటున్న ముసలాయన కోటీశ్వరుడు కావచ్చు. కంకర రోడ్డు మీద ఎదురొచ్చే బండి మనిషి స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపుతాడు, మీరూ లేపాలి. అక్టోబరులో నారింజ త్రికోణం ఉన్న కోత యంత్రం ముందుంటే హారన్ కొట్టకండి. రైతు జబ్బు పడితే ఇరుగుపొరుగు యంత్రాలతో దిగి ఒక్క రోజులో అతని పంట కోసేస్తారు. నేను చూసినవాటిలో ఈ ఊళ్ల మీద నా గౌరవం పెంచింది అదే. మీ ఇంట్లో ఎవరికైనా బాగాలేదని తెలిస్తే చీజు, బంగాళాదుంపలు వేసి వండిన గిన్నెలు గుమ్మంలోకి వస్తాయి. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకండి. గారెలు వేసి పంపండి, తర్వాత వాళ్లే అడుగుతారు.

వాసన గురించి ఎవరూ ముందు చెప్పరు. రాష్ట్రంలో మనుషులు 32 లక్షలు, పందులు రెండు కోట్లకి పైగా. కోతలయ్యాక ఆ ఎరువు పొలాలకి కొడతారు, గాలి ఇటు తిరిగిన రోజు కిటికీలు మూసుకోవాలి. పొలాల్లో కనిపించే మొక్కజొన్న కోసుకుని ఉడకబెట్టేద్దామని కూడా చూడకండి, అది దాణాకి, సగానికి పైగా ఇథనాల్‌కి. తినేది స్వీట్ కార్న్, జులై చివర రోడ్డు పక్కన అమ్ముతారు.

నీళ్ల సంగతి కాస్త పట్టించుకోండి. ఇందాక చెప్పిన టైల్ గొట్టాలే ఎరువులోని నైట్రేటుని నదుల్లోకి చేరుస్తాయి. 2025 జూన్‌లో డి మోయిన్ చుట్టుపక్కల పచ్చికకి నీళ్లు పెట్టడం నిషేధించారు, నైట్రేటు తీసే యంత్రాలు అందుకోలేకపోతున్నాయని. ఊళ్లో కుళాయి నీళ్లకి పరీక్షలుంటాయి. ఊరి బయట బావి ఉన్న ఇల్లు తీసుకుంటే మాత్రం కౌంటీ ఆరోగ్య శాఖ దగ్గర పరీక్ష చేయించండి. లీటరుకి పది మిల్లీగ్రాములు పరిమితి. పసిపిల్లలుంటే ఇది అసలు వాయిదా వేయకూడదు.

సుడిగాలి సైరన్ మోగితే బేస్‌మెంట్‌లోకి వెళ్లండి. కొన్ని ఊళ్లలో మధ్యాహ్నం పన్నెండుకి రోజూ మోగుతుంది, అది ఏ ఊళ్లో ఎలాగో మొదటి రోజే కనుక్కోండి. 2020 ఆగస్టు 10న వచ్చిన డెరేచో గాలివాన ధాన్యం గోదాముల్ని డబ్బాల్లా నొక్కేసింది, పంట నేలకి పరిచేసింది. చలి గురించి ఎంత చెప్పినా అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. కారులో దుప్పటి, పార ఉంచుకోండి.

మన సరుకులు డి మోయిన్‌లో దొరుకుతాయి. గుడి మ్యాడ్రిడ్ ఊళ్లో ఉంది, అది కూడా ఒకప్పటి బొగ్గు గనుల చిన్న పట్టణమే. చుట్టూ మొక్కజొన్న తోటలు, మధ్యలో గోపురం. పండక్కి వెళ్తే తెలుగువాళ్లు కనిపిస్తారు.

ఇల్లు చవక చూసి వెంటనే కొనేయకండి. డి మోయిన్‌లో కారు షెడ్డు రాని ధరకి ఇక్కడ నాలుగు పడగ్గదుల పాత ఇల్లు వస్తుంది, కానీ అమ్మాలంటే ఏడాది పట్టినా పట్టొచ్చు. పైగా నూరేళ్ల ఇంట్లో హీటింగ్ బిల్లు వేరే కథ. అద్దె ఇళ్లు ప్రకటనల్లో కనిపించవు. ఆస్పత్రివాళ్లనే అడగండి, చాలా చోట్ల డాక్టర్ల కోసం ఒక ఇల్లు అట్టిపెట్టుకుంటారు. ఒక చలికాలం అందులో గడిపి, అప్పుడు కొనాలో వద్దో ఆలోచించండి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు వారానికి ఎన్ని రాత్రులు ఆన్‌కాల్ అన్నది కాగితం మీద రాయించుకోమని మీ వారికి చెప్పండి. ఇద్దరే డాక్టర్లున్న చోట ఒకరు సెలవు పెడితే రెండోవాళ్లకి నిద్ర ఉండదు.